బురద నేల బంజరు కాదు – మడ మొక్కలకు చోటు ఎంపికలో మడ్‌స్కిప్పర్ సాక్ష్యం

తీర ప్రాంతాలలో మడ అడవుల విస్తరణకై కేంద్ర ప్రభుత్వం 2023 జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినోత్సవం నాడు ప్రారంభించిన 'మిష్టి' పథకం తన అయిదేళ్ల కాలంలో సగం దూరం దాటింది. తొమ్మిది తీర రాష్ట్రాలు, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాలలో సుమారు 540 చదరపు కిలోమీటర్ల మేర మడ అడవులను కొత్తగా పెంచడం లేదా పునరుద్ధరించడం ఈ పథకం లక్ష్యం. ఇటువంటి పథకాల ప్రగతిని ఎన్ని మొక్కలు నాటారు, ఎన్ని హెక్టార్లు పూర్తి అయినాయి అన్న లెక్కలతో సమీక్షించడం పరిపాటి. ఆ మొక్కలు ఏ నేలలో నాటుతున్నారు, నాటక ముందు ఆ నేల ఎటువంటిది అన్న ప్రశ్నకు సమీక్షలలో దక్కే స్థానం స్వల్పం. తీరాన బోసిగా కనిపించే బురద నేలను ఖాళీ స్థలంగా భావించే అలవాటే ఇందుకు మూలం.

ఆ నేల ఖాళీ కాదనడానికి కాకినాడకు దక్షిణాన ఉన్న కోరింగ వన్యప్రాణి అభయారణ్యంలో ఎవరైనా కళ్లారా చూడగలిగిన సాక్ష్యం ఒకటి ఉంది. పాటు వేళ పాయలలో నీరు తీయగానే తెల్లమడ, నల్లమడ చెట్ల వేళ్ల నడుమ, వాటికి దిగువన ఉన్న నున్నని బురదపై, వేలెడు నుండి జానెడు వరకు పొడవున్న చేపలు కన్నాల నుండి వెలికివచ్చి నడుస్తాయి, గెంతుతాయి, ఒకదానినొకటి తరుముకుంటాయి. వీటినే మడ్‌స్కిప్పర్లు అంటారు. సందర్శకులకై నిర్మించిన చెక్క వంతెన మీద నిలబడినవారికి ముందుగా కనిపించే ప్రాణులలో ఇవి కూడా ఉంటాయి. చూసినవారు వింత చేప అనుకొని ముందుకు సాగిపోతారు. అది వింత మాత్రమే కాదు, ఆ బురద నేల ఆరోగ్యాన్ని చెప్పే ఆనవాలు కూడా.

నీటి వెలుపల బ్రతికే చేప

మడ్‌స్కిప్పర్ అన్ని విధాలా చేపే. దానికి ఊపిరితిత్తులు లేవు. అయినప్పటికీ మెలకువగా ఉన్న కాలంలో ఎక్కువ భాగం నీటి వెలుపలనే గడుపుతుంది. తడిగా ఉన్న చర్మం ద్వారా, నోటి లోపలి పొర ద్వారా, మొప్పల గది గోడల ద్వారా గాలిలోని ప్రాణవాయువును గ్రహించగలగడం దీని ప్రత్యేకత. చర్మం ఎండితే ఊపిరి ఆగినట్లే. అందుచేత అది తరచు బురద గుంటలలో పొర్లుతూ ఒళ్లు తడుపుకుంటుంది. కండ బలం గల ముందు వాజాలను ఊతకర్రల వలె ముందుకు వేసి శరీరాన్ని లాగుకుంటూ నడుస్తుంది. అపాయం పసిగట్టినపుడు తోకను వంచి ఒక్కసారిగా విదిలించి గెంతుతుంది.

తల పైభాగాన ఉబికి ఉండే కళ్లు మరొక విశేషం. నీటిలో నివసించే చేపలకు కనురెప్పపాటు అవసరం లేదు. మడ్‌స్కిప్పర్ మాత్రం కళ్లను గుంటలలోకి లోపలికి లాగుకొని మరల పైకి తెస్తుంది. ఈ రెప్పపాటు కంటిని తడిగా ఉంచడానికి, శుభ్రపరచడానికి, గాయం కాకుండా కాపాడడానికి ఉపకరిస్తున్నదని 2023లో ప్రచురితమైన పరిశోధన ధ్రువీకరించింది. నేల మీద నడిచే జంతువులకు ఏ మూడు పనులకై రెప్పపాటు ఏర్పడిందో, సరిగ్గా ఆ మూడు పనులకే దీనికీ ఏర్పడిందన్న మాట.

అన్ని మడ్‌స్కిప్పర్లూ ఒకే తిండి తినవు. పెరియాఫ్తాల్మస్ ప్రజాతికి చెందినవి చిన్న పీతలను, పురుగులను, కీటకాలను వేటాడుతాయి. ఇవి చెట్ల వేళ్లను, పాయల గట్లను ఆశ్రయించి తిరుగుతాయి. బోలియోఫ్తాల్మస్ ప్రజాతివి పూర్తిగా భిన్నం. వీటికి మెత్తని, విశాలమైన, చెట్ల నీడ పడని బురద కావాలి. ఎండ తగిలిన బురద పైపొరలో డయాటంలు అనే సూక్ష్మ శైవలాలు పలుచని గోధుమ రంగు పొరగా పెరుగుతాయి. ఈ చేప తలను ఎడమకు, కుడికి ఊపుతూ ఆ పొరను గీకి తింటుంది. గడ్డి మేసే పశువుకు పచ్చిక బీడు ఎటువంటిదో, ఈ చేపకు బోసి బురద అటువంటిది. ఆ నేల మీద దట్టంగా చెట్లు పెరిగి నీడ పడితే డయాటంల పొర పలుచబడుతుంది, మేత తగ్గుతుంది. బంగాళాఖాతం తీరమంతటా కనిపించే బోలియోఫ్తాల్మస్ బొడ్డార్టి ఈ కోవకు చెందినదే.

ఈ చేపల జీవితంలో మిక్కిలి ఆశ్చర్యకరమైన భాగం బురద పైన గాక, అడుగున సాగుతుంది. బురద లోపల కొద్ది సెంటీమీటర్ల లోతు దాటితే ప్రాణవాయువు దాదాపు ఉండదు. అటువంటి చోట గుడ్లు పెట్టి బ్రతికించుకోవడం ఎలా? జపాన్ తీరంలోని ఒక జాతిపై జరిగిన పరిశోధనలలో ఇందుకు సమాధానం లభించింది. మగ చేప కన్నం లోపల పైకి వంగిన ఒక గదిని తవ్వుతుంది. పాటు సమయంలో పైకి వచ్చి నోటినిండా గాలి పుక్కిలి పట్టి, లోనికి పోయి ఆ గదిలో వదులుతుంది. ఇలా పదే పదే చేసి గదిని గాలితో నింపుతుంది. గుడ్లు ఆ గది పైకప్పుకు అంటుకొని, నీటిలో గాక గాలిలో ఎదుగుతాయి. పిల్లలు వెలువడవలసిన సమయం ఆసన్నమైనపుడు, రాత్రి పోటు వేళ, అదే తండ్రి చేప ఆ గాలిని నోటితో తిరిగి బయటకు మోసి గదిలోకి నీరు నిండేటట్లు చేస్తుంది. నీరు తగలగానే గుడ్లు పగిలి పిల్లలు ఈదుకుంటూ పోతాయి. పోటు, పాటుల వేళలతో ఇంత ఖచ్చితంగా ముడిపడిన ఈ ఏర్పాటుకు, మెత్తగా ఉంటూనే కూలిపోకుండా నిలిచే బురద అత్యవసరం. బురద గట్టిపడినా, ఇసుక మేట వేసినా, గట్టు కట్టి పోటు నీటిని ఆపినా ఈ గది ఉండదు.

లెక్కలలో బురద నేల

మడ అడవులకు మన దేశంలో క్రమం తప్పని గణాంకాలు ఉన్నాయి. రెండేళ్లకొకమారు వెలువడే అటవీ స్థితి నివేదిక ఉపగ్రహ చిత్రాల ఆధారంగా మడ అడవుల విస్తీర్ణాన్ని ప్రకటిస్తుంది. 2023 నివేదిక ప్రకారం దేశంలో ఈ విస్తీర్ణం సుమారు 4,992 చదరపు కిలోమీటర్లు. అంతకు ముందటి నివేదికతో పోలిస్తే ఆంధ్రప్రదేశ్‌లో 13.01 చదరపు కిలోమీటర్ల పెరుగుదల నమోదు అయింది. ఇది సంతోషదాయకమైన అంశమనడంలో సందేహం లేదు.

అయితే ఆ నివేదికలో చెట్టు లేని బురదకు పద్దు లేదు. అంతరిక్ష శాఖకు చెందిన సంస్థ 2011లో వెలువరించిన జాతీయ చిత్తడి నేలల అట్లాసు చూస్తే అసలు పరిమాణం తెలుస్తుంది. పోటు, పాటుల నడుమ తేలి మునిగే బురద మైదానాలు దేశంలో సుమారు 24 లక్షల హెక్టార్లు, అనగా 24 వేల చదరపు కిలోమీటర్లు ఉన్నాయని ఆ అట్లాసు లెక్క కట్టింది. మడ అడవుల విస్తీర్ణానికి ఇది దాదాపు అయిదు రెట్లు. ఇందులో సింహభాగం కచ్, ఖంభాత్ అఖాతాలు గల గుజరాత్‌దే. అక్కడ, మహారాష్ట్రలో మడ్‌స్కిప్పర్లను పట్టి విక్రయించే మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి. గుజరాత్‌లో 'లెవ్టా', ముంబయి పరిసరాలలో 'నివ్టీ' అన్న పేర్లతో ఇవి అంగళ్లకు వస్తాయి. బురద నేల నుండి నేరుగా పూట గడిచేవారు ఉన్నారనడానికి ఇది చాలు.

చట్టం దృష్టిలో ఈ నేలలు నిరాదరణకు గురి కాలేదు. 2011 నాటి తీర ప్రాంత నియంత్రణ మండలి ప్రకటన, దాని స్థానే వచ్చిన 2019 జనవరి 18 నాటి ప్రకటన రెండూ జీవ చైతన్యం గల బురద మైదానాలను మడ అడవులు, పగడపు దిబ్బలు, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలతో సమానంగా, అత్యంత సున్నితమైన సి.ఆర్.జెడ్. ఒకటి-ఎ తరగతిలో చేర్చాయి. 2017 నాటి చిత్తడి నేలల నియమావళి సి.ఆర్.జెడ్. పరిధిలోని నేలలకు వర్తించదు. కనుక అభయారణ్యాల వెలుపల ఉన్న బురద మైదానాలకు ప్రధాన రక్షణ సి.ఆర్.జెడ్. ప్రకటన ఒక్కటే.

ఆ ప్రకటనలో 'జీవ చైతన్యం గల' అన్న విశేషణమే కీలకం. పటం మీద ఒక బురద మైదానాన్ని గుర్తించడం సులభం. అది జీవమున్నదా, లేనిదా అని తేల్చవలసి వచ్చినపుడు క్షేత్రస్థాయి అధికారికి ఏదో ఒక గుర్తు కావాలి. ప్రయోగశాలకు మట్టి నమూనాలు పంపి అందులోని పురుగులను లెక్కించడం ఒక పద్ధతి. పాటు వేళ గట్టున అరగంట నిశ్శబ్దంగా నిలిచి చూడడం మరొకటి. మడ్‌స్కిప్పర్లు, ఒక కొండి పెద్దదిగా ఉండే ఫిడ్లర్ పీతలు, వాటికై దిగే కొంగలు, ఉల్లంకి పిట్టలు కనిపిస్తే ఆ నేల జీవమున్నదని వేరుగా నిరూపించనక్కరలేదు. కన్నాలు, వాటి చుట్టూ తీసిపోసిన బురద ముద్దలు ఛాయాచిత్రాలకు కూడా అందుతాయి.

నాటవలసిన చోటు, నాటకూడని చోటు

పొరుగు దేశాల అనుభవం ఈ విషయంలో కఠినమైనది. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాల తరబడి భారీ వ్యయంతో నాటిన మడ మొక్కలలో దీర్ఘకాలం బ్రతికినవి 10 నుండి 20 శాతమేనని 2008లో ప్రచురితమైన ఒక సమీక్ష తేల్చింది. మడ అడవి సహజంగా పెరగని దిగువ బురద మైదానాలలో, సముద్రపు గడ్డి నేలలలో ఉప్పుపొన్న జాతి మొక్కలను నాటడమే వైఫల్యానికి ముఖ్య కారణం. శ్రీలంకలో 2004 సునామీ తరువాత ఉత్సాహంగా సాగిన నాట్లను 23 చోట్ల పరిశీలించగా తొమ్మిది చోట్ల ఒక్క మొక్క కూడా మిగలలేదని 2017లో వెల్లడైంది.

కారణం సరళమైనది. మడ చెట్టు ఉప్పునీటిని తట్టుకుంటుంది గాని, రోజులో అధిక భాగం మునిగి ఉండడాన్ని తట్టుకోదు. రమారమి సగటు సముద్ర మట్టానికి ఎగువన ఉండే బురదలోనే అది నిలదొక్కుకుంటుంది. అంతకు దిగువ ఉన్న బురదలో నాటిన మొక్క కొద్ది నెలలలో కుళ్లిపోతుంది. ఒకవేళ నిలిచినా, మేత నేలను కోల్పోయేది మడ్‌స్కిప్పర్లు, వలస పక్షులు. మొదటి సందర్భంలో ధనం వృథా, రెండవ సందర్భంలో ఒక ఆవాసాన్ని చెరిపి మరొకటి తెచ్చి, దానిని లాభంగా పద్దు రాసుకోవడం.

నది కొత్తగా ఒండ్రు మేట వేసిన చోట తెల్లమడ తనంతట తానే మొలకెత్తి అడవిగా మారడం ప్రకృతి సహజం. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పనక్కరలేదు. గింజ తానై వచ్చి మొలవని చోట పని గట్టుకొని నాటేటప్పుడే, అది ఎందుకు మొలవలేదని ఒక్కసారి ఆగి యోచించవలసి ఉంటుంది.

మరి నాటవలసిన చోటు ఏది? ఈ ప్రశ్నకు ఆంధ్రప్రదేశ్ తీరంలోనే రెండు సమాధానాలు ఉన్నాయి. మొదటిది, పోటు నీరు సరిగా పారక, ఎండకు ఉప్పు పేరుకొని చెట్లు చనిపోయిన పల్లపు భూములు. ఇటువంటి చోట్ల పాయ నుండి ఒక పెద్ద కాలువ, దాని ఇరువైపులా చేప ముల్లు ఆకారంలో పిల్ల కాలువలు తవ్వి, పోటు నీరు లోనికి వచ్చి పాటు వేళ తిరిగి పోయేటట్లు చేసే పద్ధతిని 1990ల నుండి గోదావరి, కృష్ణా డెల్టాలలో అటవీ శాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ అమలు చేశాయి. ఉప్పు కడిగిపోగానే మొక్క నిలిచింది. ఈ పద్ధతి మడ్‌స్కిప్పర్లకు కూడా హాని చేయదు, సరికదా, తవ్విన కాలువల తడి గట్లు వాటికి కొత్త నెలవులు కాగలవు.

రెండవది, పాడుబడిన రొయ్యల చెరువులు. 1990ల ఆరంభంలో కోస్తా జిల్లాలలో రొయ్యల సాగు ఉప్పెనలా విస్తరించింది. దశాబ్దం నడిమికి తెల్లమచ్చ తెగులు వ్యాపించి ఎందరో రైతులు చెరువులను వదలివేశారు. తీర నియంత్రణ మండలిలోని సంప్రదాయేతర రొయ్యల చెరువులను తొలగించాలని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తదుపరి 2005లో తీర ప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం, 2023లో దానికి సవరణ వచ్చి సాగు క్రమబద్ధమైంది. మడ అడవిని నరికి తవ్విన చెరువు ఎత్తు రీత్యా మడ అడవికి తగినదే. గట్టుకు గండి కొట్టి పోటు నీటిని లోనికి రానిస్తే, సమీపంలో తల్లి చెట్లు ఉన్న పక్షంలో, చాలాచోట్ల నాటవలసిన పని కూడా పెద్దగా ఉండదు.

ఇంత తెలిసి కూడా నాట్లు చెరువులలో గాక బురద మైదానాలలో ఎందుకు జరుగుతాయి? ఫిలిప్పీన్స్ పరిశోధకులు దీనికి నిర్మొహమాటంగా జవాబు చెప్పారు. చెరువుకు యజమాని ఉంటాడు, బురద మైదానానికి ఉండడు. మన తీరంలోనూ పరిస్థితి భిన్నం కాదు. చెరువు పట్టా భూమి కావచ్చు, అసైన్డ్ భూమి కావచ్చు, కౌలులో ఉండవచ్చు. దానిని తిరిగి పోటు నీటికి అప్పగించాలంటే రెవెన్యూ, మత్స్య, అటవీ శాఖలు మూడూ ఒక చోట కూర్చోవాలి. నష్టపరిహారం మాట రావచ్చు. ప్రభుత్వ భూమి అయిన పర్ర నేలలో నాటడానికి ఈ చిక్కులేవీ లేవు. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా హెక్టార్ల లక్ష్యం చేరవలసిన అధికారికి ఏ దారి సులువో ఊహించవచ్చు.

ఒండ్రు తరుగుతున్న తీరం

బురద మైదానాలకు మొక్కల కన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 2019లో 'నేచర్' పత్రికలో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం ప్రపంచంలో ఇటువంటి మైదానాలు సుమారు 1,28,000 చదరపు కిలోమీటర్లు ఉండగా, తగినంత సమాచారం లభించిన ప్రాంతాలలో 1984 – 2016 మధ్య 16 శాతం అంతరించాయి. తీరాభివృద్ధి నిర్మాణాలు, సముద్రపు కోత, నదులు తెచ్చే ఒండ్రు తగ్గడం ఇందుకు కారణాలు. గోదావరి డెల్టా ముఖభాగంలో 1976 – 2001 నడుమ నికరంగా 1,836 హెక్టార్ల భూమి సముద్రం పాలైందని, ఎగువన ఆనకట్టల వలన ఒండ్రు రాక క్షీణించడమే ఇందుకు ప్రధాన కారణమని 2004లో ఒక పరిశోధన పేర్కొంది. ఒండ్రు తగ్గిన డెల్టాలో బురద నేల తిరిగి ఏర్పడే వేగం కూడా తగ్గుతుంది. ఉన్నదానిని కాపాడుకోవడం తప్ప వేరు మార్గం కనుచూపు మేరలో లేదు.

బురద మైదానాన్ని ఒక్కసారిగా పోగొట్టుకుంటే ఏమి జరుగుతుందో జపాన్‌కు తెలుసు. క్యుషూ ద్వీపంలోని అరియాకె సముద్రంలో ఇసహాయా అఖాతం మడ్‌స్కిప్పర్లకు పేరుగన్నది. అక్కడ వాటిని 'ముత్సుగోరో' అని పిలుస్తారు, గాలపు ముళ్లతో పట్టి కాల్చుకొని తింటారు. వ్యవసాయ భూమి కొరకు, వరద నివారణ కొరకు 1997 ఏప్రిల్ 14న ఏడు కిలోమీటర్ల గట్టులో 293 ఉక్కు పలకలను వరుసగా దించి సుమారు 3,550 హెక్టార్ల అఖాతాన్ని సముద్రం నుండి వేరు చేశారు. పలకలు ఒకదాని వెంట ఒకటి నీటిలో పడుతున్న దృశ్యాన్ని దేశమంతా టెలివిజన్‌లో చూసింది. ఎండి పగిలిన బురదలో చచ్చిన ముత్సుగోరోలు ఆ వివాదానికి చిహ్నమైనాయి. కొద్ది సంవత్సరాలలో నోరి నాచు దిగుబడి దెబ్బతిని మత్స్యకారులు న్యాయస్థానాలకు వెళ్లారు. తలుపులు తెరవాలని 2010లో హైకోర్టు ఆదేశించింది. తెరిస్తే పొలాలు పాడవుతాయని రైతులు మరొక కోర్టు నుండి నిలుపుదల ఉత్తర్వు తెచ్చుకున్నారు. ఒకే తలుపు గురించి ప్రభుత్వంపై పరస్పర విరుద్ధమైన రెండు ఉత్తర్వులు నిలిచిన అరుదైన స్థితి ఏర్పడింది. చివరకు 2023 మార్చిలో సుప్రీంకోర్టు తలుపులు తెరవనక్కరలేదన్న తీర్పును ఖాయపరచింది. రైతు, మత్స్యకారుడు ఇద్దరూ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు.

మన తీరంలో వ్యవహారం అంతవరకు రాలేదు. మిష్టి పథకంలో మిగిలిన కాలానికి స్థలాల ఎంపిక ఇంకా జిల్లాల చేతిలోనే ఉంది. నాటదలచిన ప్రతి చోట ముందుగా నేల ఎత్తును, పోటు నీరు నిలిచే వ్యవధిని కొలవడం, మడ్‌స్కిప్పర్ కన్నాలు దట్టంగా ఉన్న దిగువ బురదను నాట్ల పటం నుండి మినహాయించడం, ఆ మేరకు లక్ష్యాన్ని పాడుబడిన చెరువులకు మళ్లించడం పెద్ద వ్యయంతో కూడిన పనులు కావు. నాట్ల లెక్కతో పాటు మూడేళ్ల తరువాత బ్రతికిన మొక్కల లెక్కను కూడా ప్రకటిస్తే స్థల ఎంపికలోని తప్పొప్పులు వాటంతటవే బయటపడతాయి. తనిఖీకి వెళ్లే సిబ్బంది కార్యాలయ వేళలను గాక పోటు, పాటుల పట్టికను చూసుకొని బయలుదేరవలసి ఉంటుంది. పోటు సమయంలో తీసిన ఉపగ్రహ చిత్రంలో ఆ నేల నీరుగానే కనిపిస్తుంది. అదే పోటులో పడవ మీద వెళ్లిన తనిఖీ బృందానికి కూడా నీరు తప్ప మరేదీ కనిపించదు. చేపలు ఆ సమయంలో అడుగున, తమ కన్నాలలో ఉంటాయి.